లెగ్ డే రోజు రాత్రి మందు: నా స్క్వాట్ పుస్తకంలో తేలిన లెక్క

వర్కౌట్ అయ్యాక మందు తాగితే చేసిన కష్టమంతా పోతుందా అని జిమ్‌లో ఎవర్ని అడిగినా రెండే జవాబులు వస్తాయి. ఒకరు "మొత్తం గోవిందా" అంటారు. ఇంకొకరు "రెండు పెగ్గులకేం కాదులే బ్రో, నన్ను చూడు" అని చెయ్యి మడిచి కండ చూపిస్తారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకుందామని కొన్ని నెలలపాటు నా మీదే మార్చి మార్చి చూసుకున్నాను, మధ్యమధ్యలో దొరికిన పరిశోధనలు చదివాను. నాకు తేలింది ముందే చెప్పేస్తాను. ఎంత తాగామన్నదాన్ని బట్టి ఉంటుంది, అంతకంటే ఎక్కువగా ఆ రాత్రి మందు వల్ల తిండి, నీళ్లు, నిద్ర, మర్నాటి వర్కౌట్ వీటిలో ఏవి పక్కకు పోయాయన్నదాన్ని బట్టి ఉంటుంది. మందు మానిపించడానికి రాస్తున్నది కాదిది, తాగినా ఏం కాదని భరోసా ఇవ్వడానికి అసలే కాదు.

నా వారం ఇలా ఉండేది. సోమవారం ఛాతీ, భుజాలు. బుధవారం చేతులు, కొంచెం కార్డియో. శుక్రవారం సాయంత్రం కాళ్లు, అంటే లెగ్ డే. ఆదివారం పొద్దున డెడ్‌లిఫ్ట్ (నేల మీద ఉన్న బరువుని లేపి నిలబడటం), వీపు. కాళ్లు శుక్రవారం పెట్టుకోవడానికి ఒకటే కారణం, మర్నాడు సెలవు, మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని దిగినా చూసేవాళ్లు ఉండరు. సరిగ్గా అదే కారణంతో ఫ్రెండ్స్‌తో సిట్టింగ్ కూడా శుక్రవారమే పడేది. వారంలో అన్నిటికంటే పెద్ద కండరాలను అన్నిటికంటే గట్టిగా పిండిన రెండు గంటలకే గ్లాసు చేతిలో ఉండేదన్నమాట. అలా కావాలని పెట్టుకున్నది కాదు, వారాలు అలా కలిసొచ్చాయి అంతే.

అనుమానం పుట్టించింది నా వర్కౌట్ పుస్తకం. ఎన్ని కిలోలు, ఎన్ని సెట్లు, ఒక్కో సెట్‌లో ఎన్ని రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తాను) అన్నీ రాసుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు. బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి బరువు పైకి తోయడం) మెల్లగానైనా పెరుగుతూ వస్తోంది. స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం) మాత్రం ఒకే బరువు దగ్గర కూర్చుని లేవడం లేదు. తిండి అదే, ప్రొటీన్ అదే, మనిషిని నేనే. ట్రైనర్‌కి చూపిస్తే "వాల్యూమ్ ఎక్కువైందన్నా, సెట్లు తగ్గిద్దాం" అన్నాడు. తగ్గించాం, ఏం మారలేదు. ఒక వారం డీలోడ్ (బరువులు తగ్గించి ఒంటికి తెరిపినివ్వడం) కూడా చేశాం, తర్వాత మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. ఒకరోజు ఊరికే పాత పేజీలు తిరగేస్తుంటే తట్టింది, సిట్టింగ్ లేని వారాల్లో ఆదివారం డెడ్‌లిఫ్ట్ ఎప్పుడూ ఒకటో రెండో రెప్స్ ఎక్కువే వస్తోంది. జ్ఞాపకం మీద ఆధారపడితే మనకు నచ్చిన లెక్కే వస్తుంది కాబట్టి, ఆ రోజు నుంచి తాగిన తేదీ పక్కన పేజీ మూలలో చిన్నగా "మ" అని రాసి, కింద సుమారు ఎంత తాగానో కూడా వేసుకోవడం మొదలుపెట్టాను.

ఈ "ఎంత" దగ్గరే మొదటి తిరకాసు. పెగ్గుల్లో లెక్కపెడితే ఏమీ తెలియదు, ఎందుకంటే ఇంట్లో పోసే పెగ్గుకి కొలత ఉండదు, పోసేవాడి ప్రేమను బట్టి ఉంటుంది. పరిశోధనలన్నీ ఒంటి బరువుకి కిలోకి ఇన్ని గ్రాముల ఆల్కహాల్ అని చెప్తాయి, కాబట్టి గ్రాముల్లోకి మార్చుకోవాలి. మిల్లీలీటర్లను ఆల్కహాల్ శాతంతో గుణించి వందతో భాగించండి, వచ్చినదాన్ని మళ్లీ 0.79తో గుణించండి. 40 శాతం ఉన్న విస్కీ 60 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద పెగ్గు, దాదాపు 19 గ్రాములు. 5 శాతం బీరు అర లీటరు తాగినా అటూ ఇటూగా 20 గ్రాములే. "నేను బీరే కదా తాగేది" అనే మాటకి ఇక్కడ విలువేమీ లేదని నాకు అప్పుడే అర్థమైంది. నా బరువు 76 కిలోలు. అంటే కిలోకి అర గ్రాము నాకు రెండు పెద్ద పెగ్గులు, కిలోకి ఒక గ్రాము నాలుగు, కిలోకి ఒకటిన్నర గ్రాములు ఆరు. ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి, కింద అన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. మామూలు శుక్రవారం నేను ఉండేది నాలుగు దగ్గర, ఎవరిదైనా పుట్టినరోజో ప్రమోషనో అయితే ఇంకా పైన.

అందరూ ఎత్తి చూపే పరిశోధన 2014లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది, ప్లాస్ వన్ అనే పత్రికలో. వ్యాయామం అలవాటున్న 8 మంది మగవాళ్లతో బరువులు ఎత్తించారు, సైకిల్ తొక్కించారు, మళ్లీ ఆగి ఆగి వేగంగా తొక్కించారు (ఇంటర్వెల్స్). అదే మనుషులతో మూడు వేర్వేరు రోజుల్లో ఇదంతా చేయించి, ఒకసారి ప్రొటీన్ మాత్రమే, ఒకసారి ప్రొటీన్‌తో పాటు ఆల్కహాల్, ఒకసారి కార్బోహైడ్రేట్‌తో పాటు ఆల్కహాల్ ఇచ్చారు. మందు మోతాదు కిలోకి 1.5 గ్రాములు, అంటే నా లెక్కలో ఆరు పెద్ద పెగ్గులు. ప్రొటీన్ 25 గ్రాములు వర్కౌట్ అయిన వెంటనే, మరో 25 గ్రాములు నాలుగు గంటల తర్వాత. తొడ కండరంలోంచి చిన్న ముక్క తీసి, కొత్త కండర ప్రొటీన్ ఎంత వేగంగా తయారవుతోందో చూశారు. ప్రొటీన్ మాత్రమే తీసుకున్న రోజుతో పోలిస్తే, మందుతో పాటు ప్రొటీన్ తీసుకున్న రోజు ఆ వేగం 24 శాతం తగ్గింది. ప్రొటీన్ లేకుండా మందు, కార్బ్స్ తీసుకున్న రోజు 37 శాతం తగ్గింది. కండరంలో "కట్టడం మొదలుపెట్టు" అనే సంకేతం ఇచ్చే ఎమ్‌టార్ అనే ప్రొటీన్ కూడా మందు రోజుల్లో తక్కువ చురుగ్గా కనిపించింది.

ఇక్కడ చాలామంది "24 శాతం కండ పోయింది" అని చెప్పేస్తుంటారు, అది తప్పు. తగ్గింది కొత్త ప్రొటీన్ తయారయ్యే వేగం, అదీ వ్యాయామం తర్వాతి కొన్ని గంటల్లో. మందు తాగిన రోజు కూడా ఆ వేగం విశ్రాంతిలో ఉన్నప్పటికంటే ఎక్కువగానే ఉంది. అంటే వర్కౌట్ మొత్తం వృథా అయిపోలేదు, రావాల్సినంత రాలేదు అంతే. పైగా చూసింది ఎనిమిది మందిని, ఇచ్చింది చాలా పెద్ద మోతాదు, నెలల తర్వాత కండ ఎంత పెరిగిందని కొలవలేదు. కానీ ప్రతి శుక్రవారం, అదీ ప్రతిసారీ కాళ్ల మీదే, ఈ కోత పడుతుంటే స్క్వాట్ ఎందుకు కదలడం లేదన్నదానికి నాకు ఒక దారి దొరికినట్టైంది.

మొదట ప్రయత్నించింది అందరూ చెప్పే ఉపాయమే. వర్కౌట్ అవ్వగానే ప్రొటీన్ షేక్ తాగి, ఇంటికొచ్చి కడుపునిండా తిని, అప్పుడే సిట్టింగ్‌కి వెళ్లడం. మందు మోతాదు మార్చలేదు. దీనివల్ల ఒక మంచి జరిగింది, ఖాళీ కడుపు మీద పడే మొదటి పెగ్గు ఎక్కినంత వేగంగా ఎక్కలేదు, మర్నాడు తలపోటు తగ్గింది. ఆదివారం పుస్తకంలో మాత్రం తేడా లేదు. తొడలు అలాగే బరువుగా ఉన్నాయి, వార్మప్ సెట్లే వర్కింగ్ సెట్లలా అనిపించాయి. పైన చెప్పిన 24 శాతం కోత, ప్రొటీన్ బాగా తీసుకున్న రోజుదే కదా, షేక్ కొంత నష్టాన్ని ఆపుతుంది తప్ప మందుని రద్దు చేయదు. షేక్ తాగేశా కాబట్టి ఇక ఫర్వాలేదు అనుకుని ఇంకో పెగ్గు ఎక్కువ వేసేవాళ్లను నేను చూశాను, ఆ ధీమా ఎక్కడిదో నాకు తెలియదు.

ఆ బరువుగా ఉండటం నా భ్రమ కాదని తర్వాత చదివినప్పుడు అనిపించింది. 2010లో న్యూజిలాండ్‌లో 11 మంది మగవాళ్లతో ఒక కాలి తొడ మీద 300 సార్లు ఎక్సెంట్రిక్ వ్యాయామం చేయించారు, అంటే బరువుని దించేటప్పుడు బిగబట్టి ఆపే పని, కండరాన్ని ఎక్కువగా దెబ్బతీసేది అదే, స్క్వాట్‌లో కిందికి కూర్చునేటప్పుడు జరిగేదీ అదే. ఒకసారి వొట్టి ఆరెంజ్ జ్యూస్ ఇచ్చారు, ఇంకోసారి రెండో కాలితో అదే చేయించి జ్యూస్‌లో వోడ్కా కలిపి కిలోకి ఒక గ్రాము ఆల్కహాల్ ఇచ్చారు. 36 గంటల తర్వాత బలం కొలిస్తే, కదలకుండా బిగించే బలం జ్యూస్ తాగినప్పుడు 12 శాతం తగ్గితే, మందు తాగినప్పుడు 34 శాతం తగ్గింది. శుక్రవారం రాత్రి నుంచి 36 గంటలు లెక్కపెట్టండి, ఎక్కడికొస్తుంది? ఆదివారం పొద్దున, నేను డెడ్‌లిఫ్ట్ రాడ్డు ముందు నిలబడే టైముకి. ఇది చదివాక ఆదివారం డెడ్‌లిఫ్ట్ రాకపోతే ప్రోగ్రామ్‌ని తిట్టడం మానేశాను.

అదే బృందం తర్వాత సగం మోతాదుతో, కిలోకి అర గ్రాముతో, మళ్లీ చూసింది. ఈసారి బలంలో తేడా కనిపించలేదు. 2011లో అచ్చయిన ఈ రెండో పరిశోధన గురించి ఎవరూ మాట్లాడరు, "మొత్తం గోవిందా" బ్యాచ్‌కి ఇది నచ్చదు. నాకు మాత్రం ఇదే పనికొచ్చింది. రెండో ప్రయత్నంగా రెండు పెగ్గుల దగ్గర ఆగడం మొదలుపెట్టాను.

చెప్పినంత తేలిక కాదు. కండరాల సంగతి పక్కన పెట్టండి, రెండు పెగ్గుల తర్వాత నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడిని మనవాళ్లు ఎలా చూస్తారో మీకు తెలుసు. "ఏరా మామా, డాక్టర్ ఏమైనా చెప్పాడా?" దగ్గర మొదలై "వీడు మారిపోయాడురా" దాకా వెళ్తుంది. నేను చేసిన పని ఏంటంటే, మెల్లగా తాగడం, సోడా ఎక్కువ కలుపుకోవడం, గ్లాసు ఎప్పుడూ సగం నిండుగా ఉంచుకోవడం. ఖాళీ గ్లాసు కనిపిస్తేనే పోస్తారు. కొన్ని వారాలకి అందరికీ అలవాటైపోయింది, పైగా బండి నడపడానికి ఒకడు మిగలాలి కాబట్టి రాత్రికి నన్ను పూర్తిగా మాన్పించి డ్రైవర్‌ని చేసేశారు కొన్నిసార్లు. రెండు పెగ్గులు వేసినవాడు కూడా బండి ముట్టుకోకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు.

రెండుకి తగ్గించిన వారాల్లో ఆదివారం వర్కౌట్ స్పష్టంగా మెరుగైంది. తాగని వారాలకి, రెండు పెగ్గుల వారాలకి నా పుస్తకంలో పెద్ద తేడా కనిపించలేదు. నాలుగు దాటిన వారాలు మాత్రం "మ" అక్షరం చూడకుండానే అంకెలు చూసి చెప్పేయొచ్చు.

నిద్ర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో అసలు దెబ్బ పడేది అక్కడే, జిమ్ మాటల్లో దానికి చోటే ఉండదు. మందు తాగితే త్వరగా నిద్రపడుతుంది, మొదటి సగం గాఢంగా కూడా ఉంటుంది, అందుకే "మందేస్తే మంచి నిద్ర" అనుకుంటాం. ఒంట్లోంచి ఆల్కహాల్ దిగుతున్నకొద్దీ రెండో సగం ముక్కలుముక్కలవుతుంది. కాలేయం గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖాళీ చేయగలదు, నిమ్మరసం తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం మారదు. నాలుగు పెగ్గులు అంటే 76 గ్రాములు, అంటే దాదాపు ఎనిమిది నుంచి పదకొండు గంటలు. రాత్రి పదకొండుకి గ్లాసు కింద పెడితే పొద్దున ఏడుకి కూడా ఇంకా కొంత మిగిలి ఉండొచ్చు. ఆ రాత్రంతా ఒళ్లు చేస్తున్న పని మందుని వదిలించుకోవడమే. గాఢ నిద్రలో ఎక్కువగా విడుదలయ్యే గ్రోత్ హార్మోన్ కూడా మందు తాగిన రాత్రుల్లో తగ్గుతుంది, మోతాదు పెరిగినకొద్దీ ఇంకా తగ్గుతుంది.

నేను చేతికి వాచీ పెట్టుకునే పడుకుంటాను. దాని నిద్ర దశల లెక్కల్ని పెద్దగా నమ్మను, గుండె వేగం మాత్రం నమ్మొచ్చు. మామూలు రాత్రి కంటే సిట్టింగ్ రాత్రి నిద్రలో గుండె వేగం నిమిషానికి పది దాకా ఎక్కువ ఉండేది, తెల్లవారుజాము దాకా దిగేది కాదు. లెగ్ డే చేసి తాగకుండా పడుకున్న రాత్రి కూడా కొంచెం పెరుగుతుంది గానీ రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. ఈ గ్రాఫ్ చూశాక మందు ముగించే టైముని ముందుకు జరిపాను. పది గంటలకి మొదలుపెట్టే బదులు ఎనిమిదికే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ముగించడం. అదే రెండు పెగ్గులు, అయినా నిద్ర చాలా మెరుగు. ఇది ఎవరైనా చేయగలిగిన మార్పు, దీనికి మనోబలం కూడా అక్కర్లేదు, అందర్నీ త్వరగా పోగుచేయడమే కష్టం.

నీళ్ల విషయం తొందరగా ముగిస్తాను. మందు మూత్రాన్ని ఆపే హార్మోన్‌ని అణిచేస్తుంది, అందుకే తాగినదానికంటే ఎక్కువ పోతుంటుంది. చెమట పట్టేలా వ్యాయామం చేయించి, వేర్వేరు శాతాల ఆల్కహాల్ ఉన్న పానీయాలు ఇచ్చి 1997లో చూసినప్పుడు, 1, 2 శాతం దాకా పెద్ద తేడా రాలేదు, 4 శాతం దగ్గర మాత్రం ఒళ్లు నీళ్లు నిలుపుకోవడం ఆలస్యమైంది. మామూలు బీరు 5 శాతం. కాబట్టి "బీరు తాగితే నీళ్లు కూడా అందుతాయి కదా" అనే వాదన నడవదు. ముందు నీళ్లు తాగండి, మూత్రం రంగు తేలికపడ్డాక మీ ఇష్టం.

తిండి సంగతి వేరే. ఒక గ్రాము ఆల్కహాల్ 7 క్యాలరీలు, నాలుగు పెగ్గులకి 500 దాటిపోతాయి, ఒక పూట భోజనంతో సమానం. పైగా ఒళ్లు మందుని దాచుకోలేదు కాబట్టి ముందు దాన్నే కాలుస్తుంది, కొవ్వు కరగడం అంతసేపు వెనక్కి పోతుంది. నేను గమనించింది ఏంటంటే, సిట్టింగ్‌లో స్టఫ్ అంటూ తినేది చాలా తింటాం గానీ అందులో ప్రొటీన్ దాదాపు ఉండదు, ఇంటికొచ్చాక అన్నం తినడానికి ఓపిక ఉండదు, మర్నాడు పొద్దున కడుపు బాగోలేక టిఫిన్ మానేస్తాం. అలా రెండు పూటలు పోతాయి. కాళ్లు చేసిన తర్వాత పెద్ద కండరాలకు సరుకు అందాల్సిన సమయం అదే. వ్యాయామం తర్వాత కండరం నిర్మాణం 24 గంటలు, అలవాటు లేని కొత్త శ్రమ అయితే 48 గంటల దాకా కూడా మామూలుకంటే ఎక్కువగా జరుగుతుంటుంది. ఆ సమయంలో రెండు పూటలు ఎగ్గొట్టడం, నా అంచనాలో, మందు నేరుగా చేసిన నష్టం కంటే తక్కువేమీ కాదు. కండరంలో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే ఇంధనం విషయంలో కూడా ఇలాగే తేలింది. సైక్లిస్టుల మీద చేసిన పరిశోధనలో, తిండి తగ్గించి దాని బదులు మందు ఇచ్చినప్పుడు గ్లైకోజన్ సరిగ్గా నిండలేదు, తిండి పూర్తిగా పెట్టి మందు అదనంగా ఇచ్చినప్పుడు 24 గంటలకి దాదాపు సర్దుకుంది.

మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ గురించి అడగనివాళ్లు ఉండరు. ఎక్కువ కాలం ఎక్కువగా తాగేవాళ్లలో అది తగ్గడం నిజం. కానీ ఒకసారి బరువులెత్తి తాగినప్పుడు ఏమవుతుందని 2013లో అమెరికాలో చూస్తే, కొవ్వు తీసేసిన ఒంటి బరువు లెక్కన కిలోకి ఒక గ్రాముకి కాస్త ఎక్కువ ఆల్కహాల్ తీసుకున్న మగవాళ్ల రక్తంలో ఫ్రీ టెస్టోస్టిరాన్ (దేనికీ అతుక్కోకుండా విడిగా తిరిగేది) కొంతసేపు పెరిగింది. ఇది చెప్తే మా బ్యాచ్‌లో ఒకడు చప్పట్లు కొట్టాడు. రక్తంలో తిరుగుతున్నంత మాత్రాన కండరం దాన్ని వాడుకుందని కాదురా అంటే వినడు. అందుకే ఈ అంకె మీద ఎటువైపూ వాదించను.

మూడో ప్రయత్నమే నాకు బాగా కలిసొచ్చింది, అదీ మందుతో సంబంధం లేని మార్పు. కాళ్లని మంగళవారానికి మార్చాను. శుక్రవారం చేతులు, భుజాల పక్క కండరాలు, కాస్త నడక, ఒళ్లు పెద్దగా అరిగేది ఏమీ లేదు. డెడ్‌లిఫ్ట్ ఆదివారమే ఉంచాను. మంగళవారం స్క్వాట్ చేస్తే బుధ, గురువారాలు పూర్తిగా కాళ్లు కోలుకోవడానికే. తిండి, నిద్ర అన్నీ అవసరమైనప్పుడు అందుతాయి, శుక్రవారం రాత్రికి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. మొదటి వారాల్లో ఆఫీసులో కుర్చీలోంచి లేచేటప్పుడు ముసలాడిలా మూలిగేవాడిని, పక్క సీటు ఆయన "ఏంటి సార్, నడుం పట్టేసిందా" అని అడిగేవాడు, తర్వాత అలవాటైంది. నెల తిరిగేలోపు స్క్వాట్ కదిలింది. ఎంతో కాలంగా చూస్తున్న అంకెకి పక్కన పెద్ద ప్లేట్లేమీ పడలేదు, చిన్నవి పడ్డాయి, ఆగకుండా పడుతూ వచ్చాయి.

మధ్యలో ఒకసారి పూర్తిగా ఆపి కూడా చూశాను, రెండు నెలలకు దగ్గరగా. అద్భుతాలేమీ జరగలేదు. నడుము దగ్గర ప్యాంటు వదులైంది, శనివారాలు పొడుగయ్యాయి, సోమవారం బెంచ్ కూడా కొంచెం బాగా వచ్చింది. స్క్వాట్ పెరిగింది నిజమే కానీ అది మందు ఆపినందుకా, అంతకుముందే రోజు మార్చినందుకా, శనివారం పూటలు సరిగ్గా తింటున్నందుకా అని విడదీసి చెప్పలేను. తాగని నెలలకి, వారానికోసారి రెండు పెగ్గుల నెలలకి బలంలో పెద్ద తేడా లేదని మాత్రం చెప్పగలను. ఆరోగ్యం లెక్క వేరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఆల్కహాల్‌కి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని తేల్చి చెప్పింది. నేను రాస్తున్నది కండరాల వరకే. ఏళ్లతరబడి ఎక్కువగా తాగేవాళ్లలో కండరాలే, అందులోనూ బలానికీ వేగానికీ పనికొచ్చే రకం, కరిగిపోవడం డాక్టర్లకి బాగా తెలిసిన జబ్బు. అక్కడ లెగ్ డే ఏ రోజన్న చర్చకి అర్థం లేదు.

మా జిమ్‌లో నాకంటే పద్ధతిగా లిఫ్ట్ చేసే స్నేహితురాలు ఇదంతా విని, "నువ్వు చెప్పినవాటిలో ఒక్కటైనా ఆడవాళ్ల మీద చేశారా?" అని అడిగింది. సరైన ప్రశ్న. పైవి దాదాపు అన్నీ మగవాళ్ల మీద చేసినవే. ఆడవాళ్లతో చేసిన కొన్ని పరిశోధనల్లో, వ్యాయామం తర్వాత కాస్త ఎక్కువే తాగినా బలం తిరిగి రావడంలో తేడా కనిపించలేదు. ఎమ్‌టార్ సంకేతం కూడా మగవాళ్లలో తగ్గినట్టు ఆడవాళ్లలో తగ్గలేదని 2017లో ఒక పరిశోధనలో తేలింది. అయితే ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే పెగ్గుకి ఆడవాళ్ల రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది, నిద్ర, తిండి, నీళ్ల బాధలు ఎవరికైనా ఒకటే. "అయితే నేను ఇంకో గ్లాసు పోసుకోవచ్చన్నమాట" అని నవ్వింది. నేను ఆపలేదు, అయినా తన స్క్వాట్ నాకంటే వేగంగా పెరుగుతోంది, నేనేం చెప్తాను.

ఒక్క విషయంలో మాత్రం ఎవరితోనూ బేరం పెట్టను. కాళ్లు నొప్పిగా ఉన్నాయని మాత్ర వేసుకుని, ఆ పైన మందు. పారాసెటమాల్‌కి మందు తోడైతే కాలేయానికి ప్రమాదం, ఇబుప్రొఫెన్ లాంటివాటికి తోడైతే కడుపులో పుండ్లు, రక్తస్రావం. లెగ్ డే నొప్పి కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది, దానికి మాత్రే అక్కర్లేదు. ఏదైనా పట్టేసి, వాచి, గాయమైతే ఆ రెండు మూడు రోజులు మందు జోలికి వెళ్లకండి, నొప్పి తెలియక అదే కాలి మీద నడిచేస్తాం. ఇక విపరీతంగా వర్కౌట్ చేసి, నీళ్లు తాగకుండా మందు బాగా పట్టించాక కండరాలు భరించలేనంత నొప్పి పుట్టి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది మామూలు నొప్పి కాదు. దెబ్బతిన్న కండరంలోని సరుకు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతున్నదన్న సూచన అది. అప్పుడు హ్యాంగోవర్ అనుకుని దుప్పటి కప్పుకుని పడుకోకుండా, వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.